ఒప్పుకోని తోడు: ఎమ్మా డార్విన్
(స్మారకోపన్యాస పాఠం)



జంతుశాస్త్రం చెప్పిన ఒక మాస్టారి పేరిట జరిగే ఈ సభలో ఏటా ఒక శాస్త్రవేత్త గురించి చెప్పుకోవడం ఆనవాయితీ. ఈసారి శాస్త్రవేత్త గురించి కాదు, ఆయన భార్య గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు సరే అన్నారు. ఒకరిద్దరు మాత్రం "ఇంతకీ ఆవిడేం కనిపెట్టింది?" అని అడిగారు. ఏమీ కనిపెట్టలేదు. ఎమ్మా డార్విన్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించలేదు, ఒక పురుగుకు పేరు పెట్టలేదు. భర్త పుస్తకాల అసలు రచయిత్రి ఆమేనని నిరూపించే ఉద్దేశం కూడా నాకు లేదు. మేధావుల భార్యల మీద అలాంటి పుస్తకాలు ఈమధ్య బాగా వస్తున్నాయి. కొన్నింటికి ఆధారాలున్నాయి, కొన్నింటికి ఉత్సాహమే ఆధారం. నేను చెప్పదలచుకున్నది వేరు. భర్త ఆలోచన తనను ఆయనకు శాశ్వతంగా దూరం చేస్తుందేమోనని భయపడిన మనిషి, అదే ఆలోచన పుస్తకమై బయటికి రావడానికి తన చేతనైనదంతా చేసింది. ఆ రెండు పనులూ ఒకే మనిషి, ఒకే ఇంట్లో, నలభై మూడేళ్ల పాటు ఎలా చేసిందన్నదే ఇవాళ్టి విషయం.

ముందు చుట్టరికం చెబుతాను. చార్లెస్ డార్విన్ తల్లి సుసన్నా, ఎమ్మా తండ్రి రెండో జొసయ్యా వెడ్జ్‌వుడ్ తోడబుట్టినవాళ్లు. దీన్ని వివరించడానికి ఇంగ్లీషు జీవితచరిత్రకారులు వంశవృక్షాలు గీస్తారు. మనకు మేనమామ కూతురు అంటే చాలు. ఇంకా ఉంది. 1837లో ఎమ్మా అన్న మూడో జొసయ్యా, చార్లెస్ అక్క కారొలైన్‌ని పెళ్లాడాడు. రెండేళ్లకు అన్న వెళ్లిన ఇంటి పిల్లవాడినే చెల్లెలూ చేసుకుంది. అచ్చంగా కుండమార్పిడి. పింగాణీ పాత్రలకు పేరుపడ్డ ఇంటివాళ్లు కాబట్టి ఆ మాట వింటే నవ్వుకునేవారేమో. పెళ్లికూతురు పెళ్లికొడుకు కన్నా తొమ్మిది నెలలు పెద్దది కావడం ఒక్కటే మన పెద్దలు అడ్డు చెప్పే సంగతి.

చార్లెస్ మేనమామ రెండో జొసయ్యాకు విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఇంకో చోటు కూడా ఉంది. 1831లో బీగిల్ ఓడ ఎక్కడానికి కుర్రాడికి పిలుపు వస్తే, తండ్రి డాక్టర్ రాబర్ట్ డార్విన్ ససేమిరా అన్నాడు. ఆయన చెప్పిన ఎనిమిది అభ్యంతరాలనూ చార్లెస్ కాగితం మీద రాసి మేనమామ చేతిలో పెట్టాడు. జొసయ్యా ఒక్కొక్కదానికీ వరసగా సమాధానం రాసి పంపాడు. తండ్రి మెత్తబడ్డాడు.

ఎమ్మా 1808 మే 2న స్టాఫర్డ్‌షైర్‌లోని మేర్ హాల్ అనే ఇంట్లో, ఆ ఇంటి ఆఖరి బిడ్డగా పుట్టింది. తాత మొదటి జొసయ్యా వెడ్జ్‌వుడ్ బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పింగాణీ పతకాలు చేయించి పంచినవాడు. డబ్బున్న ఇల్లు, పుస్తకాలున్న ఇల్లు, ఆడపిల్లలను మాట్లాడనిచ్చిన ఇల్లు. లండన్‌లో కొద్దికాలం బడిలో ఉండడం తప్ప చదువంతా ఇంట్లోనే సాగింది. ఫ్రెంచి, ఇటాలియన్, జర్మన్ వచ్చు. పియానోలో మాషెలెస్ అంతటి విద్వాంసుడి దగ్గర పాఠాలు చెప్పుకుంది. జెనీవాలో చరిత్రకారుడు సిస్మోండీని పెళ్లాడిన పిన్ని ఇంట్లో నెలల తరబడి ఉండి యూరప్ చూసింది. ఊరి పిల్లలకు ఆదివారాలు చదువు చెబుతూ, వాళ్లు కూడబలుక్కుని చదవగలిగే చిన్న చిన్న కథలు తనే రాసి అచ్చు వేయించింది. ఇంతా చేసి ఇంట్లో ఆమెకు పెట్టిన ముద్దుపేరు చిందరవందర పిల్ల అని అర్థం వచ్చేది. సొరుగులు సర్దుకోవడం ఆమెకు జీవితాంతం రాలేదు.

ఆమెకు ఫానీ అని రెండేళ్లు పెద్దదైన అక్క ఉండేది. ఇద్దరూ ఎప్పుడూ జంటగానే తిరిగేవాళ్లు. 1832 ఆగస్టులో ఆ అక్క ఉన్నట్టుండి జబ్బుపడి, నిండా ఇరవయ్యారేళ్లకే పోయింది. పరలోకంలో అక్కను మళ్లీ కలుసుకుంటాననే నమ్మకంతోనే ఎమ్మా ఆ దెబ్బకు తట్టుకుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత భర్తకు ఆమె రాసిన ఉత్తరాలను మతఛాందసం అనుకుంటే తప్పుగా చదివినట్టే. ఆమెకు విశ్వాసమంటే పోయిన మనుషులు మళ్లీ దొరుకుతారన్న ఆశ.

పెళ్లి చేసుకోవాలా వద్దా అని డార్విన్ 1838లో కాగితం మీద రెండు నిలువు వరుసలు గీసి లాభనష్టాలు రాసుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. పెళ్లి చేసుకుంటే పుస్తకాలకు డబ్బు తగ్గుతుంది, సమయం పోతుంది అని ఒకవైపు రాశాడు. రెండోవైపు ముసలితనంలో తోడుంటుందని, ఎలా చూసినా కుక్కకంటే మేలని రాశాడు. దాన్ని చదివి అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాను. అయితే ఆ కాగితం కన్నా ఆ తర్వాత ఆయన చేసిన పని పెద్దది. మతం విషయంలో నీకున్న సందేహాలు భార్యకు తెలియనివ్వకు అని తండ్రి హెచ్చరించాడు. అనుభవం మీద చెప్పిన సలహా అది. కొడుకు వినలేదు, ఎమ్మాకు అంతా చెప్పేశాడు. 1839 జనవరి 29న మేర్ చర్చిలో పెళ్లయింది.

పెళ్లయిన కొత్తలోనే ఎమ్మా ఆయనకు ఒక ఉత్తరం రాసింది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం ఎందుకంటే, నోటితో చెబితే మాట తడబడుతుందని ఆమె భయం. ఆ ఉత్తరాన్ని నా మాటల్లో చెబుతాను. నువ్వు నిజాయితీగా, మనస్ఫూర్తిగా సత్యం కోసం వెతుకుతున్నావు కాబట్టి నువ్వు తప్పు చేస్తున్నావని అనలేను. కానీ నిరూపణ అయ్యేదాకా ఏదీ నమ్మకపోవడం శాస్త్రంలో నీకు అలవాటైంది. ఆ పద్ధతిలో నిరూపించడానికి వీల్లేని సంగతుల్లోకి కూడా ఆ అలవాటు చొరబడుతోందేమో చూసుకో. నీకు సంబంధించినదేదైనా నాకూ సంబంధించినదే. మనం ఎప్పటికీ ఒకరికొకరం కామేమో అన్న ఆలోచన వస్తే నేను భరించలేను.

ఇందులో గదమాయింపు లేదు, బతిమాలడమూ తక్కువే. శాస్త్రీయ పద్ధతి పరిధి ఎంతవరకు అనే ప్రశ్న ఉంది. ఇవాళ్టికీ ఆ ప్రశ్న మీద సెమినార్లు జరుగుతున్నాయి. డార్విన్ ఆ కాగితాన్ని బతికినన్నాళ్లూ దాచుకున్నాడు. నేను పోయాక, దీన్ని ఎన్నోసార్లు ముద్దు పెట్టుకుని ఏడ్చానని తెలుసుకో అనే అర్థంలో కింద రెండు ముక్కలు రాసి పెట్టాడు.

1842లో లండన్‌కు పదహారు మైళ్ల దూరాన ఉన్న డౌన్ గ్రామానికి మారారు. రెండేళ్ల తర్వాత అక్కడ జరిగిన ఒక సంఘటన నాకు వాళ్ల దాంపత్యం మొత్తానికీ కీలకంగా కనిపిస్తుంది. ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని డార్విన్ దాదాపు 230 పేజీల వ్యాసంగా రాసి, శుభ్రమైన ప్రతి చేయించాడు. 1844 జూలై 5న ఎమ్మా పేరిట ఒక ఉత్తరం రాసి దానికి జతచేశాడు. తను హఠాత్తుగా చనిపోతే 400 పౌన్లు ఖర్చు పెట్టి దీన్ని అచ్చు వేయించాలి, సమర్థుడైన సంపాదకుణ్ణి కుదర్చాలి, ఆ శ్రమ నువ్వు తీసుకోవాలి అని దాని సారాంశం. లయెల్, హెన్‌స్లో, హుకర్ వంటి మిత్రుల పేర్లు సూచించాడు. మిత్రులుండగా, అన్న ఎరాస్మస్ ఉండగా, వీలునామా లాంటి ఈ బాధ్యతను ఆ సిద్ధాంతం నచ్చని మనిషికే అప్పగించాడు. ఇష్టం లేకపోయినా మాట తప్పదని ఆయనకు తెలుసు. ఇంతకు మించిన యోగ్యతాపత్రం ఇంకొకటి నాకు కనబడదు.

ఎమ్మా ఆ వ్యాసం చదివింది కూడా. కన్నులాంటి సంక్లిష్టమైన అవయవం చిన్న చిన్న మార్పులతో క్రమంగా ఏర్పడిందన్న చోట, ఇది చాలా పెద్ద ఊహ అని అంచున రాసి, పొడి అక్షరాల్లో సంతకం పెట్టింది. పదిహేనేళ్ల తర్వాత వచ్చిన పుస్తకంలో డార్విన్ కన్ను గురించి ఎంత జాగ్రత్తగా, ఎదుటివాడి అనుమానాన్ని ముందు తనే ఒప్పుకుంటూ రాశాడో చదివినవాళ్లకు తెలుసు. ఆమె రాసిన ఆ చిన్న మాట వల్లే అలా రాశాడని నేననను. కానీ సందేహించే పాఠకుడు ఎలా ఉంటాడో ఊహించుకోవాల్సిన అవసరం ఆయనకు రాలేదు. ఆ పాఠకురాలు రోజూ భోజనాల బల్ల దగ్గర ఎదురుగానే కూర్చుని ఉండేది.

ఇక రోజువారీ బతుకు. డార్విన్‌కు జీతం వచ్చే ఉద్యోగం ఎన్నడూ లేదు. రెండువైపుల తండ్రులూ ఇచ్చిన ఆస్తి మీద ఇల్లు నడిచింది. వంటమనిషి, దాదులు, పార్స్‌లో అనే బట్లరు ఉన్నారు. కాబట్టి ఎమ్మాను పొయ్యి ముందు చెమటలు కక్కిన ఇల్లాలిగా చూపిస్తే అబద్ధమవుతుంది. ఆమె పడ్డ శ్రమ వేరే రకం. డార్విన్‌కు ఏళ్ల తరబడి వాంతులు, కడుపునొప్పి, నీరసం. రోజుకు మూడు నాలుగు గంటలకు మించి పని చేయలేకపోయేవాడు. ఆ కాస్త సమయం చెదిరిపోకుండా చుట్టూ ఉన్న రోజంతటినీ ఆమె కాపాడింది. పొద్దున్న పని తర్వాత తొమ్మిదిన్నరకు ఆయన హాల్లోకి వస్తే ఉత్తరాలు, నవల చదివి వినిపించేది. మధ్యాహ్నం మూడు గంటలకు ఆయన నడుం వాలిస్తే మళ్లీ నవల. రాత్రి భోజనం తర్వాత బ్యాక్‌గామన్ అనే పాచికల ఆట రెండుసార్లు, ఆ తర్వాత ఆమె పియానో. విషాదాంతమైన నవలల్ని చట్టం చేసి నిషేధించాలనేవాడు ఆయన. జర్మన్ పుస్తకాలతో ఆయన కుస్తీ పడుతుంటే సాయం చేసేది ఆమె. పాచికల ఆట లెక్క కూడా మిగిలింది. 1876లో అమెరికాలోని వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు రాస్తూ, తను 2795 ఆటలు గెలిచానని, పాపం ఎమ్మా 2490 మాత్రమే గెలిచిందని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు డార్విన్.

ఆమె వంటల పుస్తకం ఇప్పటికీ ఉంది. అందులో ఒక పేజీ మన తెలుగువాళ్ల కోసమే ఉన్నట్టుంటుంది. అన్నం ఎలా వండాలో డార్విన్ స్వహస్తాలతో రాసిన పేజీ అది. నీళ్లలో ఉప్పు వేసి, తెర్లుతున్నప్పుడు బియ్యం పోసి, గడియారం చూసుకుని పన్నెండు నిమిషాలు ఉడికించి, నీళ్లు వంపేసి, ఆ గిన్నెను పది నిమిషాలు నిప్పుల మీద ఉంచాలట. మన గంజి వార్చే పద్ధతే. కాకపోతే మెతుకు పట్టుకుని చూసే చోట ఆయన గడియారం పట్టుకున్నాడు.

పియానో సంగతి ఇంకో రకం. చివరి రోజుల్లో డార్విన్ వానపాముల మీద పరిశోధన చేశాడు. మట్టికుండీల్లో వాటిని పెంచి, వినికిడి ఉందా లేదా అని ఇంటిల్లిపాదినీ పనిలో పెట్టాడు. ఈల వేస్తే కదల్లేదు. కొడుకు ఫ్రాన్సిస్ బసూన్ ఊదితే కదల్లేదు. కుండీలను పియానో పక్కన బల్ల మీద పెట్టి, ఎంత గట్టిగా వాయించినా కదల్లేదు. తర్వాత కుండీని పియానో మీదే పెట్టి కింది స్థాయిలో ఒక్క స్వరం మీటగానే రెండు పాములూ చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. వాటికి చప్పుడు వినబడదు, అదురు తెలుస్తుంది అని తేలింది. 1881లో వచ్చిన పుస్తకంలో పియానో ఉంది, స్వరం పేరుంది, వాయించిన మనిషి పేరు లేదు. డెబ్బై దాటిన ఎమ్మా వాయించిందని కుటుంబం చెప్పుకుంటూ వచ్చింది.

పదిహేడేళ్లలో పది కాన్పులు. ముగ్గురు పిల్లలు చిన్నతనంలోనే పోయారు. పదేళ్ల ఆనీ 1851 ఏప్రిల్ 23న మాల్వర్న్‌లో చనిపోయింది. నీటిచికిత్సకని తండ్రి అక్కడికి తీసుకెళ్లాడు. ఎమ్మా అప్పుడు నిండు గర్భిణి, ఇల్లు కదలడానికి లేదు. కూతురికి ఇవాళ ఎలా ఉందో రాస్తూ భర్త పంపే ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆఖరిచూపు దక్కలేదు. మూడు వారాలు తిరక్కుండానే, మే 13న హొరేస్ పుట్టాడు. ఆనీ చిన్న రాతపెట్టెను ఎమ్మా చివరిదాకా దాచుకుంది. ఈ చావుతో డార్విన్‌లో మిగిలిన కాస్త క్రైస్తవ విశ్వాసమూ పోయిందని చాలామంది రాశారు. అంత సూటిగా లెక్క తేలుతుందని నేననుకోను. కానీ ఒకే దుఃఖం భార్యను దేవుడి వైపు, భర్తను అటునుంచి దూరంగా లాగిందన్నది మాత్రం నిజం. అయినా వాళ్లిద్దరూ విడిపోలేదు.

1858 సంగతి ఇంకా కఠినం. జూన్ 18న డార్విన్‌కు ప్రకృతి శాస్త్రజ్ఞుడు వాలెస్ ఉత్తరం వచ్చింది, తన సిద్ధాంతమే వేరొకరి చేతిరాతలో. ఊళ్లో స్కార్లెట్ జ్వరం. జూన్ 28న, రెండేళ్లు కూడా నిండని ఆఖరి కొడుకు చార్లెస్ వేరింగ్ పోయాడు. జూలై 1న లండన్‌లో లినియన్ సొసైటీలో డార్విన్, వాలెస్‌ల పత్రాలు చదువుతున్నారు. పరిణామ సిద్ధాంతానికి అది పుట్టినరోజని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆరోజు డార్విన్ దంపతులు డౌన్‌లో బిడ్డను పూడ్చిపెట్టుకుంటున్నారు.

ఇక్కడ మేనరికం మళ్లీ ముందుకొస్తుంది. పిల్లల అనారోగ్యానికి తమ చుట్టరికమే కారణమేమోనన్న దిగులు డార్విన్‌ను వదల్లేదు. 1871 జనాభా లెక్కల్లో మేనరికాల గురించి ఒక ప్రశ్న చేర్చమని మిత్రుడు జాన్ లబ్బక్ ద్వారా పార్లమెంటులో అడిగించాడు, సభ తోసిపుచ్చింది. కొడుకు జార్జ్ 1875లో సొంతంగా లెక్కలు కట్టి, హాని ఉన్నా కొద్దిదేనని తేల్చాడు. ఈ ప్రశ్న తిరిగి తిరిగి మన గడ్డకే వచ్చింది. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర పనిచేసిన, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు 1960ల మొదట్లో మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రదేశంలోని మేనరికాల మీద పరిశోధన పత్రాలు ప్రచురించాడు. జన్యుశాస్త్రం చదువుతున్న పిల్లలు ఈ సభలో ఉంటే వాటిని వెతికి చదవండి.

1859 నవంబరు 24న వెలువడిన ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్ ప్రూఫులు చూడడంలో ఎమ్మా సాయం చేసింది. పన్నెండేళ్ల తర్వాత మనిషి పుట్టుక గురించిన పుస్తకం వస్తున్నప్పుడు కూతురు హెన్రియెటాకు మనసులో మాట దాచకుండా రాసింది. పుస్తకం చాలా ఆసక్తిగా ఉంటుంది, కానీ దేవుణ్ణి మరింత దూరం జరుపుతుంది కాబట్టి నాకు బొత్తిగా నచ్చదు అని. ఆ పుస్తకానికి భాష దిద్దింది ఆ కూతురే. అంటే తల్లి నచ్చదంటోంది, కూతురు దిద్దుతోంది, తండ్రి రాస్తున్నాడు. పేచీ వచ్చిన దాఖలా లేదు.

ఆమె విశ్వాసం గుడ్డిది కూడా కాదు. పుట్టిల్లు త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్ల ఇల్లు. డౌన్‌లో పిల్లల్ని తీసుకుని చర్చికి వెళ్లేది. విశ్వాస ప్రమాణం చదివేటప్పుడు సభ మొత్తం వేదిక వైపు తిరిగితే, డార్విన్ కుటుంబం మాత్రం తిరక్కుండా ఎదుటివాళ్ల ముఖాల్లోకి చూస్తూ నిలబడేదని ఫ్రాన్సిస్ గుర్తు చేసుకున్నాడు. ఊరివాళ్లకు మందులిచ్చేది, పుస్తకాలు అరువిచ్చేది. 1863లో, అడవి జంతువుల కాళ్లు నలిగిపోయేలా పట్టే ఇనప ఉచ్చులకు వ్యతిరేకంగా భర్తతో కలిసి విజ్ఞప్తి రాసి పత్రికల్లో వేయించింది. ఉచ్చులో చిక్కిన జంతువు రాత్రంతా ఏం అనుభవిస్తుందో పెద్దమనుషుల కళ్లకు కట్టించడమే దాని ఉద్దేశం. పూనుకున్నది ఎమ్మా, ఆయన తోడు నిలిచాడు. సాయం చేసేది ఎప్పుడూ భార్యే అనుకోనక్కర్లేదు.

1882 ఏప్రిల్ 19న డార్విన్ పోయాడు. ఊళ్లోనే, అన్న పక్కన, పిల్లల పక్కన ఉంచుదామని ఇంటివాళ్లు అనుకున్నారు. దేశం వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీకి తీసుకుపోయింది. ఆ అంత్యక్రియలకు ఎమ్మా వెళ్లలేదు.

ఇక నేను ఆమెతో పోట్లాడే చోటికి వచ్చాను. డార్విన్ ఇంటివాళ్ల కోసమని 1876లో ఆత్మకథ రాసిపెట్టాడు. కొడుకు ఫ్రాన్సిస్ దాన్ని అచ్చుకు సిద్ధం చేస్తుంటే కొన్ని భాగాలు తీసెయ్యమని ఎమ్మా కోరింది. అవిశ్వాసులకు శాశ్వత నరకం ఉంటుందన్న సిద్ధాంతాన్ని డార్విన్ తీవ్రంగా నిందించిన చోట గుర్తు పెట్టి, ఇది అచ్చవడం నాకిష్టం లేదు, ఆ సిద్ధాంతం గురించి ఎంత కటువుగా అన్నా తప్పు లేదు కానీ ఇప్పుడు దాన్ని క్రైస్తవమనేవాళ్లు ఎంతమంది అని రాసింది. కోతికి పాము భయం ఎలా పుట్టుకతో వస్తుందో, పిల్లల మనసులో నాటిన దైవభక్తి కూడా అలా పాతుకుపోతుందన్న వాక్యాన్ని తీసెయ్యమని 1885లో కొడుక్కి ఉత్తరం రాసింది. విశ్వాసులైన స్నేహితులు నొచ్చుకుంటారన్నది ఆమె బాధ. ఏం ప్రచురించాలి, ఏం వద్దు అని పిల్లలు రెండు పక్షాలయ్యారు. 1887లో ఆత్మకథ కోతలతోనే వచ్చింది.

నా దృష్టిలో అది తప్పే. 1844లో 230 పేజీలు పూర్తిగా అచ్చు వేయించమని డార్విన్ నమ్మి ఎవరికి అప్పగించాడో ఆ మనిషే, నలభై ఏళ్ల తర్వాత ఆయన సొంత మాటలు కొన్ని ఆపింది. అయితే తేడా ఉంది. ఆ వ్యాసం ఆమెకు నచ్చని శాస్త్రం, అందులో చెయ్యి పెట్టలేదు. ఈ వాక్యాలు మాత్రం తమ ఇద్దరి మధ్య తెగని తగవు, అందులో తనకూ వాటా ఉందనుకుంది. డార్విన్ బతికుంటే ఆమె మాట కాదనేవాడని కూడా చెప్పలేను. బతికినన్నాళ్లూ ఆమె బాధ కూడా తలుచుకుని మతం గురించి బహిరంగంగా నోరు మెదపలేదని మనకు తెలుసు.

భర్త తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. చలికాలం కేంబ్రిడ్జిలో పిల్లలకు దగ్గరగా, వేసవి డౌన్‌లో. 1896 అక్టోబరు 2న డౌన్‌లోనే పోయింది. హెన్రియెటా తల్లి ఉత్తరాలను కూర్చి 1904లో కుటుంబం మట్టుకు, 1915లో లోకానికి ప్రచురించింది. ఆత్మకథలో తీసేసిన భాగాలన్నీ మనవరాలు నోరా బార్లో 1958లో తిరిగి చేర్చి అచ్చు వేసింది. ఏ వాక్యం ఎందుకు వద్దన్నదో చెప్పే ఎమ్మా ఉత్తరాన్ని కూడా అదే పుస్తకంలో పెట్టింది. నాయనమ్మదీ తాతదీ ఇద్దరి మాటా అందులో చదువుకోవచ్చు.